డాక్టర్ పెట్టిన పేరు

బ్రన్స్‌విక్ బిస్కెట్ ఫ్యాక్టరీకి గురువారం కంపెనీ డాక్టర్ వస్తాడు. ఆ రోజు అరెతీకి రెండు పనులు. బెల్టు మీద వచ్చే బిస్కెట్లు ట్రేల్లో సర్దడం ఒకటి. ఇంగ్లీషు రాని గ్రీకు ఆడవాళ్ళ నొప్పులు డాక్టర్‌కూ, డాక్టర్ మాటలు వాళ్ళకూ మార్చి చెప్పడం రెండోది. ఆ రెండోది చేస్తావా అని ఆమెనెవరూ అడగలేదు. మెల్‌బోర్న్‌లో బడికెళ్ళిన పిల్ల కాబట్టి అది ఆమె పనే అనుకున్నారు, అంతే.

ఈసారి వంతు స్టమాటియాది. సొంత పిన్ని కాకపోయినా ఒకే దీవి నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి అరెతీకి ఆమె పిన్నే. కుడి మణికట్టు వాచిపోయింది. బొటనవేలు కదలడం లేదు. పొద్దున కాఫీ గిన్నె దించలేక పొయ్యి మీదే వదిలేసిందట. చెయ్యి బాగాలేదని డాక్టర్ అంటే కూర్చుని లేబుళ్ళు చూసే పని ఇస్తారు. బాగానే ఉందంటే మళ్ళీ బెల్టు దగ్గరికే. అక్కడికి పోతే ఆ చెయ్యి ఇక పనికి రాదని ఇద్దరికీ తెలుసు.

గది బయట బెంచీ మీద ఇటలీ నున్‌జియా, సెర్బియా మిలేవా కూడా తమ వంతు కోసం కూర్చున్నారు. వచ్చీరాని ఇంగ్లీషులో ఇంట్లో రోగాలన్నీ కలబోసుకుంటున్నారు.

"మా ఆయనకి బ్రొంకీతె. ఒకటే దగ్గు," అంది నున్‌జియా.

"మా అమ్మకి ఆర్త్రీటిస్," అంది మిలేవా.

అరెతీకి నవ్వొచ్చింది. "మీ రోగాల పేర్లన్నిటికీ చివరున్న తోక మా భాషదే, తెలుసా? మేం ఈటిడా అంటాం, ఇంగ్లీషువాళ్ళు ఐటిస్ అంటారు. మీరంతా తలో ముక్క కోసుకుపోయారు."

"అలాగా! అయితే రోగాలు అంటించింది కూడా మీరేనన్నమాట. తిరిగి తీసుకుపొండమ్మా, పుణ్యముంటుంది!" అంది నున్‌జియా.

లోపల డాక్టర్ కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. వయసెంత, పిల్లలెందరు, ఇంటిపని ఎవరు చేస్తారు అని అడిగాడు. బల్ల అవతలి నుంచే ఆ చేతిని చూశాడు. ముట్టుకోలేదు. తర్వాత గుమ్మంలో నిలబడ్డ ఫోర్‌మన్ లెస్ వైపు తిరిగి కన్ను గీటాడు.

"ఇది మండేయైటిస్, లెస్. గురువారం దాకా సాగినట్టుంది."

లెస్ విరగబడి నవ్వాడు. సోమవారం పనికి రావడానికి బద్ధకించే వాళ్ళకు అక్కడి తెల్లవాళ్ళు సరదాగా అంటగట్టే జబ్బు అది.

అరెతీ నోరు తెరిచేలోపే స్టమాటియా ఆ వాచిన చేత్తోనే శిలువ గుర్తు వేసుకుంది. కళ్ళల్లో నీళ్ళు.

"విన్నావా తల్లీ, ఐటిస్ అన్నాడు! నా జబ్బుకి పేరుంది. నటిస్తున్నానంటాడు చూడు మా మరిది, ఆదివారం చర్చి దగ్గర అందరి ముందూ వాడికే చెప్తాను. ఇంకోసారి అనమనవే, నేర్చుకుంటాను."

పెద్దవాళ్ళకు చెడ్డమాట మెత్తగా చెప్పడం అరెతీ ఇంట్లో నేర్చుకున్న మర్యాద. డాక్టర్ 'బద్ధకం' అంటే ఆమె 'విశ్రాంతి కావాలట పిన్నీ' అనేది. ఇప్పుడూ అలాగే దాటేయవచ్చు. కానీ ఆదివారం చర్చి మెట్ల మీద ఈ మనిషి తనకు జరిగిన అవమానాన్ని జబ్బు పేరనుకుని పదిమందికీ చెప్పుకుంటుంది. ఇంగ్లీషు వచ్చిన పిల్లలు వింటారు. అరెతీకి అరికాలి మంట నెత్తికెక్కింది. నొప్పికి మావాళ్ళు తగిలించిన తోక అది. దాన్ని పట్టుకొచ్చి ఎగతాళికి కట్టి, ఆ ఎగతాళి మళ్ళీ మా ముసలివాళ్ళ నెత్తినే రుద్దుతారా?

"పిన్నీ, అది జబ్బు కాదు. సోమవారం బద్ధకం అంటున్నాడు. నువ్వు దొంగవేషాలు వేస్తున్నావట. చెయ్యి ముట్టుకోకుండానే తేల్చేశాడు."

స్టమాటియా మొహం పాలిపోయింది. కుర్చీ ముందుకు జరుపుకుని ఆ చేతిని బల్ల మీద పెట్టింది.

"చెప్పవే వాడికి. పట్టుకు చూసేదాకా లేవను. లేపాలంటే కుర్చీతో సహా లేపమను."

అరెతీ ఒక్క మాట కూడా మెత్తబరచకుండా చెప్పింది.

"బెల్టు నడుస్తోంది. లేవమను ఆవిణ్ణి!" అని లెస్ అరిచాడు.

ఆ అరుపుకి బయటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. "ఏమన్నాడే?" అంది నున్‌జియా. మండేయైటిస్ అన్న ఆ ఒక్క ముక్కే చెప్పింది అరెతీ. మార్చి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ తోక వాళ్ళిళ్ళల్లోనూ ఉన్నదే. సోమవారాలు వాళ్ళూ ఆ మాట పడ్డవాళ్ళే.

"నొప్పంటే నవ్వులాటగా ఉందా నీకు?" అంది నున్‌జియా డాక్టర్‌తో.

మిలేవా గడపకి అడ్డంగా నిలబడింది. "మేమూ వెళ్ళం, లెస్. బిస్కెట్లు నువ్వే సర్దుకో పో."

సర్దే చేతులు చాలక బెల్టు చివర బిస్కెట్లు నేల మీద రాలుతున్న చప్పుడు వినిపించింది. లెస్ మిలేవాను తప్పించుకుని అటు పరుగెత్తాడు.

డాక్టర్‌కు ఇక దారి లేకపోయింది. మణికట్టు పట్టుకుని బొటనవేలు లోపలికి వంచాడు. స్టమాటియా వేసిన కేకకు తనే ఉలిక్కిపడి చెయ్యి వదిలేశాడు. తల వంచుకుని, లేబుళ్ళ పని ఇవ్వమని రాసిచ్చాడు. తల ఎత్తకుండానే అరెతీతో అన్నాడు:

"ఇంత నొప్పి ఉంటే ముందే చెప్పొచ్చుగా. అడుగు ఆవిణ్ణి."

అరెతీ అడగలేదు.

"ఆవిడ మీ ఎదురుగానే ఉంది, డాక్టర్ గారూ. ఆ మాట ఆవిడ మొహం చూసి మీరు అనండి. అప్పుడు మార్చి చెప్తాను."

ఆయన ఇంకో కాగితం ముందుకు లాక్కున్నాడు. స్టమాటియా లేచి నిలబడింది. ఖాళీ అయిన కుర్చీలో నున్‌జియా కూర్చుని, ఆయన ఏమీ అడగకముందే రెండు చేతులూ ముందుకు చాపింది.