సున్నం కొట్టిన రాళ్ళు

గోనెగుడ్డను మళ్ళీ బకెట్లో ముంచి రాయిని రుద్దుతున్నాడు కాపలాదారు. నిన్న తన చేత్తో తానే కొట్టిన సున్నం. తెల్లనీళ్ళు మోచేతుల దాకా కారుతున్నాయి. సున్నం కొరికిన వేళ్ళు పగిలి మండుతున్నాయి. గుండ్రంగా పాతిన రాళ్ళన్నీ మనిషెత్తువి. సగం కూడా కడగకముందే నడుము పట్టేసింది.

పెద్ద అధికారులు వస్తున్నారు, శుభ్రంగా ఉంచమని సూపర్‌వైజర్ చెప్పి వెళ్ళాడు. ఇంటికి చుట్టాలొస్తుంటే గోడలకేం చేస్తామో అదే చేశాడు ఈ మనిషి. పొద్దున సూపర్‌వైజర్ వచ్చి చూసి నెత్తి బాదుకున్నాడు.

“వేల ఏళ్ళనాటి రాళ్ళురా ఇవి. నీ అత్తారింటి అరుగనుకున్నావా? సాయంత్రానికి మచ్చ కనబడిందా, నీ సామాను రోడ్డు మీదుంటుంది.”

సామానని పేరేగానీ ఏముంది కనక? గేటు పక్కన ఒంటిగది. రెండు మంచాలు, ఒక పొయ్యి. అది పోతే మొగుడూపెళ్ళాలకు తల దాచుకునే చోటు లేదు. మేకల్ని రానివ్వకు, పిల్లల్ని ఎక్కనివ్వకు అన్నారు. అవేం రాళ్ళో ఇన్నేళ్ళలో చెప్పిన పాపాన ఎవడూ పోలేదు. చెప్పనిది తెలియకపోవడం కూడా నేరమే, తెలియనివాడు పేదవాడైతే.

భార్య బోరింగు దగ్గర్నుంచి నీళ్ళు మోస్తోంది.

“రాళ్ళకు సోకులు చెయ్యమని నీకెవరు చెప్పారయ్యా?”

“తెల్లగా బానే ఉన్నాయి కదే.”

“ఉన్నాయి, పెళ్ళికొడుకుల్లా. రుద్దు.”

మధ్యాహ్నం ఒక బస్సు ఆగి, చూడవచ్చినవాళ్ళు దిగారు. ఇవి సమాధులని, కింద ఆనాటి దొరలున్నారని, ఒక్కో రాయినీ వందలమంది కొండమీంచి ఈడ్చుకొచ్చారని గైడు చెబుతున్నాడు. కాపలాదారు చెయ్యి ఆగింది.

“మరి ఈడ్చినోళ్ళని ఎక్కడ పెట్టారు బాబూ?”

“వాళ్ళకెవరు రాళ్ళు పాతుతారు తాతా?” గైడు నవ్వాడు. గుంపంతా నవ్వింది.

అతనూ నవ్వబోయాడు. దగ్గు తెర కమ్ముకొచ్చింది. దగ్గీ దగ్గీ మోకాళ్ళమీద కూలబడి, రాయికి నుదురానించాడు. మొక్కుతున్నాడనుకుని ఎవరో ఫోటో తీసుకున్నారు. బస్సు వెళ్ళిపోయింది.

“లేవయ్యా, పొద్దు వాలుతోంది,” అంటూ భార్య బకెట్ దించింది. పలకలేదు. భుజం తట్టింది. మనిషి పక్కకు ఒరిగాడు.

ఆమె అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు. తర్వాత ఈడ్చుకెళ్ళి నీడలో పడుకోబెట్టి, అతని కళ్ళు మూసి, గోనెగుడ్డ అందుకుంది. ఏడవడానికి రాత్రంతా ఉంది. ముందు గది నిలవాలి. మిగిలిన రాళ్ళన్నీ ఆమే రుద్దింది.

సాయంత్రం సూపర్‌వైజర్ చుట్టూ తిరిగి చూశాడు. మచ్చ లేదు. నీడలో ఉన్న మనిషినీ చూశాడు. గొంతు తగ్గించాడు.

“గది కాపలాదారుకిచ్చిందమ్మా. నీకు కాదు.”

శవాన్ని ఎక్కించిన బండిలోనే మంచాలూ ఎక్కించారు. వాటి పక్కనే ఆమె కూర్చుంది.

తాళం పడ్డ గది కిటికీలో, గాజుగ్లాసు నీళ్ళల్లో, దగ్గితే ఊడొస్తాయని అతను పొద్దున తీసిపెట్టిన కట్టుడుపళ్ళు ఉండిపోయాయి.