పరుగువాళ్ళ కుర్చీ

ఉడికిన బంగాళాదుంపల్ని ముక్కలు కోసి ఉప్పులో దొర్లించడంలో నన్ను మించినవాళ్ళు యూటా ఎడారిలోనే లేరని మా ఆయన గ్రాంట్ నలుగురిలో చెబుతుంటాడు. ఆయన పరిగెత్తే, రోజంతా సాగే పందెంలో దారి మధ్య పరుగువాళ్ళకి తిండీ నీళ్ళూ అందించే డేరాలో ఏటా నేను స్వచ్ఛంద సేవ చేస్తాను. స్వచ్ఛందం అన్న మాట మా ఇంట్లో చాలా విశాలమైనది, బట్టలు మడతపెట్టడం కూడా దాని కిందికే వస్తుంది. “నీకేం, నీడలో కూర్చుంటావు. ఎండంతా నాది” అంటాడు. నీడ నిజమే. కూర్చోవడమే ఎప్పుడూ కుదరలేదు. డేరాలో కుర్చీలు పరుగువాళ్ళవి. వాటిలో కూలబడిన వాళ్ళని “ఏం కావాలి?” అని అడగడం మా పని.

ఈ పందెంలో చోటు కావాలంటే లాటరీ తగలాలి. డేరాలో పనిచేసిన వాళ్ళకి మాత్రం లాటరీ లేకుండా వచ్చే ఏటికి ఒక చోటు ఇస్తారు, దాన్ని ఇంట్లోవాళ్ళకి ఇచ్చేసినా ఒప్పుకుంటారు. నా చోటు ఏటా గ్రాంట్‌దే. ఒకసారి నేనే ఉంచుకుంటానని అడిగాను. “వచ్చే ఏడు చూద్దాంలే నోలా. అయినా నీది షికారు ఒళ్ళు, పరుగు ఒళ్ళు కాదు” అన్నాడు, ప్రేమగానే. అప్పటినుంచి పిల్లలు బడికి వెళ్ళాక మా ఇంటి వెనక కొండదారిలో ఆ షికారే చేస్తున్నాను. దాని గురించి ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మధ్యాహ్నం ఇంగ్రిడ్ అనే ఆవిడ వచ్చింది. నా వయసే, నాకంటే ఒళ్ళున్న మనిషి. మోకాళ్ళదాకా ఎర్రదుమ్ము, చెంపల మీద చెమట ఎండిన ఉప్పుచారలు. ఆవిడ కుర్చీలో పడిందో లేదో, ఎదురుచూస్తున్న మొగుడు ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని బూట్లు విప్పేశాడు.

“సూప్ తాగుతావా బంగారం?”

“మాట్లాడకు. ఆ సాక్స్ కాదు, మందంగా ఉండేవి.”

తప్పు తనదేనంటూ అతను కారు దగ్గరికి పరిగెత్తాడు. అంతే జరిగింది. నాకు మాత్రం అసూయ భగ్గుమంది. ఆవిడ కాళ్ళని చూసి కాదు, ఆ విసుగుని చూసి. అంత హాయిగా, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా విసుక్కోవడం! నేను విసుక్కుంటే మా అత్తగారు “ఒంట్లో బాలేదా అమ్మాయ్?” అంటారు. కోడలి కోపం ఆవిడ లెక్కలో జ్వరం, తగ్గేదాకా ఎవరూ దగ్గరికి రారు. ఇంగ్రిడ్‌కి సూప్ అందిస్తూ, కాస్త నాలుక కాలితే బావుండునని కోరుకున్నాను. కాలలేదు. పైగా నా చెయ్యి పట్టుకుని, చాలా మంచిదానివమ్మా అంది. దాంతో ఇంకా మండింది.

కాసేపటికి గ్రాంట్ వచ్చాడు. డేరాలో పనిచేసే వాళ్ళకి కృతజ్ఞత చెప్పకుండా ఏ పరుగువాడూ కదలడు, అది ఇక్కడి మర్యాద. నీళ్ళు పోసినావిడకి చెప్పాడు, పుచ్చకాయ కోస్తున్న పెద్దాయనకి చెప్పాడు, టోపీలో ఐసు వేసిన కాలేజీ పిల్లకి మీరే లేకపోతే మేం లేమని కూడా చెప్పాడు. వరస చివర నేనున్నాను.

“నల్ల సాక్స్ ఏవి?” అన్నాడు.

ఇచ్చాను. కుర్చీలో కూర్చుని వేసుకుంటున్నంతసేపూ దారివైపే చూశాడు. లేస్తూ, “మార్జీకి నా పేరు చెప్పడం మర్చిపోకు” అని రాళ్ళమీదుగా వెళ్ళిపోయాడు.

మార్జీ మా డేరాకి పెద్ద, డెబ్బై దాటినావిడ. సామాను సర్దుతూ, వచ్చే ఏటి చోటు గ్రాంట్ పేరుమీదేగా అంది. అది ప్రశ్న కూడా కాదు.

“కాదండీ. నా పేరుమీద.”

ఆవిడ చేతులు తుడుచుకుని నన్ను తేరిపార చూసింది. “పరిగెత్తగలవా అమ్మాయ్?”

“నడుస్తాను. డేరాలు ఎత్తేసేలోపు చేరితే చాలుగా.”

“చాలు. గ్రాంట్‌కి చెప్పావా మరి?”

ఎదుటి గుట్టమీద ఆయన చిన్న చుక్కలా ఎక్కుతున్నాడు.

“ఇంకా సగం దారి ఉంది పాపం” అన్నాను. “ఇప్పుడే చెబితే కాళ్ళు పట్టేస్తాయి.”