చిన్నవాటికే

"ఇందులో పంచదార వేశావా అసలు?" అంటూ అత్తయ్య కాఫీ గ్లాసు వెనక్కి జరిపింది. వెయ్యలేదు. అప్పటికే నా గ్లాసు నేను అడుగంటా తాగేశాను. తేడా తెలియలేదు. "అంత చదువు చదివింది గానీ కాఫీ కలపడం చదవలేదు," అని నవ్వింది. పేపరు చాటు నుంచి ఆయనా నవ్వారు. నేనూ నవ్వాను. నా మీద వేసిన జోకులకు నేను నవ్వకపోతే దానికి ఇంకో జోకు పడుతుంది.

నేను పనిచేసేది డిప్రెషన్ మీద పరిశోధన చేసే ల్యాబులో. ఎలుకకు దిగులు తెప్పించి, అదెలా మొదలవుతుందో, ఏ మందుకు తగ్గుతుందో చూస్తాం. మా ఇంటి నుంచి కాలేజీ గడప తొక్కినదాన్ని నేనే. అమ్మ అందరికీ "ఎలుకల డాక్టరు" అని చెప్పుకుంటుంది.

దిగులు తెప్పించడానికి కొట్టనక్కర్లేదు. ఒకరోజు దాని పడక తడిపేస్తాం. ఇంకోరోజు బోను కాస్త వంచి వదిలేస్తాం. మరోరోజు ముక్కూమొహం తెలియని ఎలుకను తెచ్చి అందులో పెడతాం. ఎప్పుడేది జరుగుతుందో దానికి తెలియకూడదు, తెలిస్తే అలవాటు పడిపోతుంది. కొన్ని వారాలయ్యాక రెండు సీసాలు పెడతాం: మంచినీళ్లు, పంచదార నీళ్లు. బాగున్న ఎలుక తీపి వైపే పోతుంది. కుంగిపోయినదానికి రెండూ ఒకటే.

ఆ రోజు సీసాలు తూకం వేస్తుంటే పొద్దుటి గ్లాసు గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

పరుపు మీద నా వైపే ఆయన తడి తువ్వాలు. వంటంతా అయ్యాక, "మావాళ్లు నలుగురొస్తున్నారు" అని ఫోను. నడుం వాల్చగానే అత్తయ్య పిలుపు. "ప్రతి చిన్నదానికీ మొహం మాడ్చుకుంటావేంటే?" అంటారాయన. నిజమే, విడివిడిగా చెబితే నాకే సిగ్గేస్తుంది. తువ్వాలు గురించి ఎవరికి చెప్పుకోను? అందుకే ఇన్నాళ్లూ నాకు ఒళ్లు బరువెక్కిందనే అనుకున్నాను. కానీ ఎలుక తీపి మానేస్తే ఎలుకకు బద్ధకమని మేం ఎక్కడా రాయం. దాన్ని మేమేం చేశామో చూస్తాం.

పక్క గదిలో ఏమీ చేయకుండా వదిలేసిన ఎలుకలుంటాయి, పోల్చి చూసుకోవడానికి. ఆ తలుపు మీద "అవసరం లేకుండా తీయరాదు" అని బోర్డు. నేను ఊరికే లోపలికి తొంగిచూస్తే మా ప్రొఫెసర్ సారు, "వాటి మానాన వాటిని వదిలెయ్యమ్మా. వదిలెయ్యడం కూడా పనే," అన్నారు.

దారిలో డాక్టరు దగ్గర మర్నాటికి టైము తీసుకున్నాను. ఇంటికొచ్చి, ఇస్త్రీ బట్టల గదిలో మంచం ఖాళీ చేసి, నా దిండు వేసుకుని గడియ పెట్టుకున్నాను.

కాసేపటికి తలుపు చప్పుడు. "ఏమే, నా చార్జరెక్కడ పెట్టావ్?" తలుపు తోసి చూసి, "గడియెందుకు పెట్టావ్? పొద్దుట కాఫీ గురించా? ఇంత చిన్నదానికా?"

"అవునండీ," అన్నాను లోపల్నుంచే. "చిన్నవాటికే."