అది మాది కాదండి

మేడమీదావిడ చెప్పిందట. ఇస్త్రీ కొట్టాయనకు కరెంటు కంపెనీ పేరుతో ఈమెయిల్ వచ్చిందట. మీ ఇంట్లో జబ్బుమనిషి ఉన్నట్టు మాకు తెలిసింది, సాయం చేస్తాం, ఇక్కడ నొక్కండి అని ఉందట. ఆయన నొక్కాడట. నొక్కిన వేలు తీసేలోపల బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోయారట. పాపం ఇస్త్రీపెట్టె కూడా అమ్ముకున్నాడని మొదట చెప్పి, పెట్టె ఇంకా కొట్లోనే కనబడుతోంది కదా పిన్నిగారూ అనేసరికి, అమ్మలేదు గానీ అమ్ముకునేంత పనైందని సర్దుకుందట.

ఇదంతా అక్క ఫోన్లో చెబుతుంటే తమ్ముడు ఒంటిచేత్తో తిండిడబ్బా మూత తీసే అవస్థలో ఉన్నాడు. అతనిది కరెంటు కంపెనీ కాల్ సెంటర్లో ఉద్యోగం. మధ్యాహ్నం ఇచ్చే విరామంలో సగం క్యాంటీన్లో కుర్చీ వెతుక్కోవడానికే సరిపోతుంది.

"ఆవిడ సంగతికేం గానీ, మాకూ అలాంటిదే వచ్చిందిరా పొద్దున. అందుకే చేశాను."

"ఏముంది అందులో?"

అక్క కళ్లజోడు వెతుక్కుని, కూడబలుక్కుంటూ చదివింది. జబ్బుమనుషులున్న ఇళ్ల జాబితా కొత్తగా తయారు చేస్తున్నారట. మీ ఇంట్లో కరెంటుతో నడిచే వైద్య పరికరం ఉందా? దాని మీద ఆధారపడ్డ మనిషి పగటిపూట ఒంటరిగా ఉంటారా? ఏ వేళల్లో? ఇంటి తాళం ఇంకెవరి దగ్గరైనా ఉంటుందా? జవాబు ఇవ్వని వాళ్ల పేర్లు కొత్త జాబితాలో ఉండవట.

తమ్ముడికి నవ్వొచ్చింది. "బావకి మిషనుందని కంపెనీకి తెలీదా? కరెంటు పోయినప్పుడల్లా బ్యాటరీ పెట్టె మోసుకొచ్చి పెట్టింది ఎవరు? తెలిసినవాడు మళ్లీ ఎందుకు అడుగుతాడు? ఎప్పుడు ఒంటరిగా ఉంటాడు, తాళం ఎవరి దగ్గరుంటుంది, ఇవి దొంగాడికి కావాలి గానీ మాకెందుకు?"

"నేనూ అదే అన్నాను. మీ బావేమో పడుకుని చేసే పనేముంది, నాలుగు ముక్కలు కొట్టి పంపేద్దాం అంటాడు."

వెనకనుంచి బావ గొంతు వినిపించింది. మాటకీ మాటకీ మధ్య గాలి కోసం ఆగుతూ, "హలోగారేమంటున్నారు? హలోగారి తీర్పేమిటి?" అన్నాడు.

హలోగారు అనేది బావ పెట్టిన పేరు. బావమరిదికి ఫోన్ల ఉద్యోగం వచ్చిన నాటి నుంచీ ఆయన వేరే పేరుతో పిలిచిన పాపాన పోలేదు.

"పంపినవాళ్ల చిరునామా చదువక్కా."

అక్క ఒక్కో అక్షరమే చదివింది. అందులో కంపెనీ పేరు ఎక్కడా లేదు. ఇక ఆలోచించడానికేముంది. పొద్దున సీట్లో కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా అనే మాటే నోట్లోంచి దానంతటదే జారిపడింది.

"అది మాది కాదండి. దేన్నీ నొక్కకండి. తీసేయండి."

అక్క పకపకా నవ్వింది. "ఒరే, నాతో కూడా అండీ ఏమిట్రా? సరే, తీసేస్తున్నానండి."

తీసేసింది. మళ్లీ దొరక్కుండా చెత్తబుట్టలోంచి కూడా తీసేసింది. ఏ పనైనా తుదికంటా చేస్తే గానీ అక్కకు తోచదు.

తమ్ముడు చెప్పింది తన సొంత కవిత్వం కాదు. ప్రతి సీటు ముందూ అద్దానికి అంటించిన కాగితం మీద ఆ మాటలే ఉంటాయి. కంపెనీ చిరునామా నుంచి రానిది ఏదైనా సరే మాది కాదనాలి, నొక్కవద్దనాలి, తీసేయమనాలి. ఆ నెలంతా అవే ఫోన్లు. ఎక్కడెక్కడి ముసలివాళ్లో, మంచం పట్టిన బిడ్డల తల్లులో, "బాబూ, ఇది మీరే పంపారా?" అని అడిగేవాళ్లు. కాదనగానే వాళ్ల గొంతులో బరువు దిగిన చప్పుడు ఇతనికి తెలిసేది. ఒక పెద్దాయనైతే, "చల్లగా ఉండు నాయనా, కొంప మునగకుండా కాపాడావు" అన్నాడు. ఆ మాట తమ్ముడు నాలుగిళ్లలో చెప్పుకున్నాడు. గంటకు ఎన్ని ఫోన్లు తెమిల్చాడన్నదే లెక్క గనక టీమ్ లీడరు కూడా అందరి ముందూ అతని భుజం తట్టాడు.

బావ రాళ్లు కోసే మిషను దగ్గర పనిచేసిన మనిషి. జనం ఇళ్లలో నున్నగా మెరిసే గచ్చులన్నీ తన ఊపిరితిత్తుల్లోంచి తీసి పరిచినవే అంటాడు. అందులో హాస్యం కన్నా నిజమే ఎక్కువ. ఇప్పుడు మంచం, మంచం పక్కన ప్లగ్గు, ప్లగ్గుకు ఆక్సిజన్ మిషను, మిషనుకు గొట్టం, గొట్టానికి బావ. ఆ గొట్టం స్నానాలగది దాకా వస్తుంది. వంటగది గుమ్మం దాకా వస్తుంది. వీధి గుమ్మం దాకా రాదు. ఒకప్పుడు అటకమీద చిన్న సిలిండరు ఉండేది. కంపెనీ వాళ్లు బ్యాటరీ తెచ్చి పెడుతున్నారు కదా, ఇది ఇంకొకళ్లకు పనికొస్తుందని ఆస్పత్రివాళ్లు పట్టుకుపోయారు. అక్క అద్దెగది ముందు వరండాలో కుట్టుమిషను వేసుకుని కర్టెన్లు కుడుతుంది. లోపలి మిషను ఆగితే బయటి మిషను కూడా ఆగుతుంది. ఇంటి కథ అంతే.

ఒకనాడు డ్యూటీ మొదలవకముందే టీమ్ లీడరు అందర్నీ నీళ్ల క్యాను దగ్గరికి పిలిచాడు.

"జబ్బుమనుషుల సాయం అంటూ మెయిల్స్ వస్తున్నాయని అడుగుతున్నారు కదా. అవి మనవే."

ఎవరికీ అర్థం కాలేదు. తమ్ముడి పక్కసీటు అమ్మాయి, "మనవే అంటే?" అంది.

"మనవే అంటే మనవే. ఆ జాబితా పని బయటి సంస్థకిచ్చారు. వాళ్ల చిరునామా నుంచి వెళ్లాయి. పైవాళ్లు మనకి చెప్పడం మర్చిపోయారు. ఇవాళ్టి నుంచి నిజమైనవే అని చెప్పండి."

"మరి ఇన్నాళ్లూ కాదని చెప్పినవాళ్ల గతి?"

"గడువు దాటింది. జాబితా ఖాయమైపోయింది. వాళ్లంతట వాళ్లు ఫోన్ చేస్తే మళ్లీ దరఖాస్తు పెట్టుకోమనండి."

"వాళ్లెందుకు చేస్తారు? తీసేయమంది మనమే కదా."

"చూడమ్మా, మనం ఎదురు ఫోన్ చెయ్యడానికి లేదు. మొన్న కాదన్నవాళ్లం ఇవాళ ఔనంటే మనల్నే దొంగలనుకుంటారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. సీట్లో కూర్చుని అక్క వాళ్ల కనెక్షన్ తెరిచాడు. జాబితాలో ఉన్న ఇళ్లకు పేరు పక్కన ఎర్రచుక్క ఉంటుంది. చెప్పి తీసినా, చెప్పకుండా పోయినా, కరెంటు లేనప్పుడు చుక్క ఉన్న ఇంటికి మొదట బండి వెళ్తుంది, బ్యాటరీతో. బావ పేరు పక్కన చుక్క లేదు. ఉన్నచోటు తెల్లగా, కడిగేసినట్టు ఉంది. అతని వెనకే ఒక కుర్రది వచ్చి అద్దం మీది పాత కాగితం గీకి, కొత్తది అంటించి పోయింది.

ఆ సాయంత్రమే అక్కకు ఫోన్ చేసి, ఆఫీసువాళ్లు డాక్టరు కాగితం మళ్లీ అడుగుతున్నారని చెప్పాడు. ఎందుకని అక్క అడగలేదు. ఫోటో తీసి పంపింది. అతను దరఖాస్తు పెట్టాడు. "పరిశీలనలో ఉంది" అని వచ్చింది. మర్నాడూ పరిశీలనలోనే ఉంది. ఆ తరవాతా అంతే. తెలిసినవాళ్లను పట్టుకుందామంటే, ఆ పని చేసే సంస్థ ఏ వీధిలో ఉందో కూడా కాల్ సెంటర్లో ఎవరికీ తెలియదు. వాళ్లకు ఉత్తరం రాయాలన్నా ఈమెయిలే గతి. రాశాడు. "మీ ఉత్తరం మాకు అందింది" అని మరుక్షణం మరొకటి వచ్చింది, అంతే.

పేరు మళ్లీ ఎక్కాక చెబుదాం అనుకున్నాడు. ఎక్కాక చెబితే నవ్వులాటగా పోతుంది. ఇప్పుడు చెబితే అక్కకు కంటిమీద కునుకుండదు, బావ నోటికి తనొక్కడే మేత. ఇలా పైకి సర్దిచెప్పుకున్నాడు గానీ, లోపల ఉన్నది సిగ్గే. కొంపలు నిలబెట్టానని చెప్పుకున్న నోటితో ఈ ముక్క ఎలా అనడం?

సెలవునాడు వెళ్లాడు. బావ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"రండి హలోగారూ. మీ కంపెనీ ఆరోగ్యం ఎలా ఉంది? మా మిషను రోజూ అడుగుతోంది."

"బానే ఉంది బావా."

"ఏం బానో. ఆ రోజు ఆ ముక్కేదో రాసి పడేద్దామంటే వినలేదు. ఇంట్లో ఒక పోలీసు, ఫోన్లో ఒక పోలీసు. నాకు మాత్రం ఇంకెవరు ఉత్తరాలు రాస్తారయ్యా?"

చెప్పేస్తే ఇప్పుడే చెప్పేయాలి. అక్క వరండాలోంచి పళ్లమధ్య దారం పట్టుకుని ఇటే చూస్తోంది.

"అక్కా, మనమే ఒక బ్యాటరీ పెట్టె కొని పెట్టుకుంటే ఎలా ఉంటుందంటావు?"

"వాళ్లు తెచ్చి పెడుతుంటే కొనుక్కోవడం దేనికి? జీతం గాని ఎక్కువైందా నీకు?"

"అది కాదు, ఎప్పుడైనా వాళ్లు ఆలస్యం చేస్తే..."

"నువ్వున్నావుగా అక్కడ. బండి కదలకపోతే తోసైనా పంపవూ?" అని దారం తెంపి మళ్లీ మిషను తొక్కింది.

"అదీ నిజమేలే," అన్నాడు తమ్ముడు. అనేసి, చెప్పులేసుకుని వచ్చేశాడు.

ఆనాటి నుంచి పొద్దున్నే అతని మొదటి పని ఏ వీధుల్లో కరెంటు తీస్తారో చూసుకోవడం. అక్క వీధి ఎప్పుడూ లేదు. లేనందుకు ఒక పూట ధైర్యంగా ఉండేవాడు. కరెంటు పోయిన రోజు కూడా ఆ వీధి పట్టికలో లేదు. మురుగు గొట్టాల కోసం రోడ్డు తవ్వే యంత్రం భూమిలోని కేబులును పీకి పారేసింది.

ఫోన్లు మీద పడ్డాయి. "రోడ్డు పనిలో కేబుల్ తెగిందండి, మరమ్మతు జరుగుతోంది, సాయంత్రానికి వస్తుందండి." ఒకరి తరవాత ఒకరికి అదే పాట. మధ్యలో ఒకావిడ, "పాలబూత్ పక్కసందులో కూడా లేదు బాబూ" అంది. అది అక్క సందు. అతని నోరు మాత్రం సాయంత్రానికి వస్తుందండి అనేసింది.

బావకు చేశాడు. మోగింది, ఎత్తలేదు. అక్కకు చేశాడు. అక్క కర్టెన్లు ఇవ్వడానికి బట్టలకొట్టుకు వెళ్లింది. మాట పూర్తిగా వినకుండానే "అయ్యో" అని పెట్టేసింది. బండ్లు పంపే విభాగానికి చేశాడు. అటువైపు మనిషి వెతికి, "ఆ సందులో చుక్క ఉన్న ఇల్లే లేదండీ" అన్నాడు. ఇంకేమీ అడక్కముందే, "అంబులెన్సుకు చేసుకోండి" అని కూడా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఇతను అయినా అలాగే అనేవాడు.

అంబులెన్సుకు చేసి, తలమీది హెడ్‌సెట్ టేబుల్ మీదకు విసిరేసి పరిగెత్తాడు. దారిలో సిగ్నలు దీపాలు కూడా చచ్చిపోయి బళ్లన్నీ ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. ఆటో దిగి పరిగెత్తాడు.

అక్క ముందే చేరింది. బావ మంచం మీద లేడు. గొట్టం తీసేసి, గోడ పట్టుకుని, వీధి గుమ్మం దాకా వచ్చి, గడప మీద కూర్చుండిపోయి ఉన్నాడు. ఎవర్నన్నా పిలుద్దామని వచ్చినట్టుంది. పిలవడానికి ఊపిరుండాలి కదా. కరెంటు పోగానే మిషను కీచు కీచుమని అరిచిందట. మేడమీదావిడ వింది. రోడ్డు పని దగ్గర లారీ వెనక్కి వస్తోందనుకుందట.

ఆస్పత్రికి వెళ్లేదాకా ఉన్నాడు. వెళ్లాక లేడు.

కరెంటు చెప్పిన వేళకే వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తిరిగొచ్చేసరికి మిషను దానంతటది మొదలై, నేలమీద పడి ఉన్న గొట్టంలోకి బుస్సుమంటూ గాలి వదులుతోంది. ఆ గాలికి గచ్చుమీద దారపుముక్కలు కదులుతున్నాయి. ఎవరూ దాని దగ్గరికి వెళ్లలేదు. చివరికి తమ్ముడే వెళ్లి స్విచ్చి ఆపాడు. ఆపాక ఇల్లు మరీ ఘోరంగా ఉంది.

నాలుగు రోజులకు వచ్చేవాళ్లు తగ్గారు. మేడమీదావిడ మాత్రం రోజూ దిగుతోంది. ఆవిడ మాటల్లో బావ నెమ్మదిగా మంచివాడవుతున్నాడు. తనను ఏ పేర్లు పెట్టి ఏడిపించాడో ఆవిడకు గుర్తున్నట్టు లేదు. అక్క వింటోందో లేదో తెలియదు. ఆస్పత్రికి తిరిగి ఇచ్చేయాలని గొట్టం చుట్టలు చుడుతోంది.

"అక్కా," అన్నాడు తమ్ముడు. మళ్లీ అన్నాడు. "అక్కా, ఆ రోజు వచ్చిన మెయిలు కంపెనీదేనట. జవాబివ్వలేదని బావ పేరు తీసేశారు."

అక్క చేతులు ఆగాయి. "నీకెప్పుడు తెలిసింది?"

"బావ ఉండగానే."

"బ్యాటరీ కొందామన్న రోజుకి తెలుసా?"

తల ఊపాడు.

అక్క మళ్లీ చుట్టడం మొదలెట్టింది. మేడమీదావిడ కల్పించుకుంది. "వాడు మాత్రం ఏం చేస్తాడమ్మా. పైవాళ్లు ఏం చెప్పమంటే అది చెబుతాడు. చిన్న ఉద్యోగం. వాడికి మాత్రం బావ కాడూ?"

మునిగేవాడికి తాడు దొరికినట్టు తమ్ముడు ఆ మాట అందుకున్నాడు. "నిజం అక్కా. ఆఫీసులో అందరికీ అలాగే చెప్పమన్నారు."

అక్క తలెత్తింది.

"ఆఫీసుకి చెయ్యలేదురా నేను. నీకు చేశాను."