నేను మింగిన పాయింట్లు

నేను ఒక రబ్బరుని. టైర్లకి వాడేది కాదు, పెన్సిలు గీతలు చెరిపేది. పుట్టినప్పుడు తెల్లగా, నలుపలకగా, ఒంటికి నీలం కాగితం చుట్టుకుని పెళ్లికొడుకులా ఉండేవాణ్ణి. ఇప్పుడు నన్ను చూస్తే చేత్తో ముట్టుకోబుద్ధి కాదు. అందులో నా తప్పేమీ లేదు. మనుషులు రాసిన పనికిమాలిన రాతలన్నీ నేను తిన్నాను. తిన్నది ఒంటికి పట్టింది.

నన్ను మొదట కొన్నది కాకినాడలో ఇళ్ల ప్లాన్లు గీసే ఒకాయన. ఆయన దగ్గర నేను తిన్నవన్నీ మరుగుదొడ్లే. ఇల్లు కట్టుకునే పెద్దమనిషి పొద్దున వచ్చి మరుగుదొడ్డి ఈశాన్యంలో ఉందని గోల చేసేవాడు. నేను చెరిపేవాణ్ణి. సాయంత్రం వాళ్ల బావమరిది వచ్చి, మార్చిన చోట వంటగదికి ఎదురుగా ఉందనేవాడు. మళ్లీ చెరిపేవాణ్ణి. ఆ ప్లాన్లు గీసే ఆయన ఒకసారి ఫొటో దిగడానికి జగన్నాథపురంలోని సాల్మన్ రాజు గారి స్టూడియోకి వెళ్లి, నన్ను అక్కడి బల్ల మీద మరిచిపోయాడు. మళ్లీ నా కోసం రాలేదు. పీడ వదిలిందనుకున్నాను.

సాల్మన్ రాజు గారి స్టూడియో వెనక గదిలో ఆదివారం మధ్యాహ్నాలు ఒక ఆట నడిచేది. బల్ల చుట్టూ కూర్చుని కథ చెప్పుకునే ఆట. కథ నడిపేది రాజు గారు. మిగతావాళ్లు ఆ కథలో తలొక మనిషిని కల్పించుకుని, ఆ మనిషి ఏం చేస్తాడో, ఏం మాట్లాడతాడో తామే చెప్పాలి. గెలుపోటములు పాచిక తేలుస్తుంది. ఆ కల్పిత మనిషి బలం, తెలివి, విద్యలు అన్నీ ఒక కాగితం మీద అంకెలుగా ఉంటాయి; పాచికలో పడినదానికి అవి కలుస్తాయి. ఆట ముగిశాక రాజు గారు అందరికీ అనుభవం పాయింట్లని కొన్ని ఇచ్చేవారు. వాటిని ఖర్చు పెట్టుకుని తమ మనిషికి కావలసిన విద్య పెంచుకోవచ్చు. పాత అంకె చెరిపి కొత్తది వేసుకోవాలి. చెరపడానికి నేను.

అనుభవాన్ని చిల్లరలా ఖర్చు పెట్టుకోవడం మనుషులకే చెల్లింది. అందులోనూ చక్రధర్‌ని చూస్తే నాకు ఒళ్లు జలదరించేది. ఆయన బీమా కంపెనీలో ఆఫీసరు. ఆటలో ఆయన మనిషి వజ్రబాహు అనే కత్తివీరుడు. వచ్చిన పాయింట్లన్నీ కత్తిలోనే పోసేవాడు. వజ్రబాహుకి చదువు రాదు, ఈత రాదు, ఎదుటివాడు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియదు. కత్తి మాత్రం కొండని నరుకుతుంది. అదొక గొప్పలాగా చక్రధర్ ప్రతి వారం పునుగుల నూనె వేళ్లతో నన్ను పట్టుకుని పాత అంకె మీద రుద్దేవాడు. నూనె, సీసం, చెమట కలిసి నా ఒంటి మీద జిడ్డు కట్టేది. మస్తాన్ వలీ కాస్త నయం. ఆయన రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు బాగుచేసే మెకానిక్కు. ఆయన మనిషి ఒక వంటవాడు. పాయింట్లు రాగానే పులుసు కాయడం మీదో, దొంగచాటుగా నడవడం మీదో పెట్టేసి హాయిగా ఉండేవాడు.

నాలుగో మనిషి సుభాషిణి, చక్రధర్ చెల్లెలు. మాటలు రాకముందే పెద్దవాళ్లు ఆ పేరు పెట్టేశారు. తర్వాత తెలిసింది, పిల్లకి నత్తి అని. నోట మాట మొదటి అక్షరం దగ్గరే పట్టేసేది. అది విడిపడేలోగా చక్రధర్ ఆ వాక్యం పూర్తి చేసేసేవాడు. చిన్నప్పటి నుంచి అంతేనట. హోటల్లో ఆమె పెసరట్టు అనబోతే ఈయన ఇడ్లీ చెప్పేవాడు, ఆమె ఇడ్లీ తినేది. చేపల పరిశోధన కేంద్రంలో ఉద్యోగం చేస్తూ, రోజంతా సూక్ష్మదర్శినిలో చూసే ఆమెని అన్నగారు ఆటకి తీసుకొచ్చింది కూడా తన అవసరానికే. వజ్రబాహు దెబ్బలు తిని పడిపోతే లేపడానికి వైద్యం తెలిసిన మనిషి కావాలి. అందుకని ఆమెకి గంగు అనే పడవవాళ్ల అమ్మాయిని ఇచ్చి, చేతిలో మూలికల సంచీ పెట్టారు. ఆటలో కూడా గంగు మాట్లాడాల్సి వస్తే, దాని తరఫున నేను చెప్తానులెండి, అని చక్రధరే అందుకునేవాడు.

సుభాషిణి మాత్రం పాయింట్లు ఖర్చు పెట్టేది కాదు. వర్షాలు మొదలైనప్పటి నుంచి సంక్రాంతి ముగ్గులు చెరిగిపోయేదాకా కూడబెట్టింది. వైద్యం పెంచమని అన్న ఎన్నిసార్లు పోరినా, చూద్దాం అన్నట్టు తల ఊపేది. ఒక ఆదివారం మొత్తం పాయింట్లు ఒకేసారి తీసి మాటకారితనం మీద పెట్టేసింది. కాగితంలో ఆ గడి పక్కన అప్పటిదాకా సున్నా ఉండేది. నన్ను తీసుకుని ఆ సున్నాని చెరిపి కొత్త అంకె వేసింది. ఆమె చేతులు శుభ్రంగా ఉన్నాయి. సున్నా రుచి నాకు బాగానే ఉంది.

ఆ వెంటనే పాస్‌పోర్టు ఫొటో కోసం ఎవరో వస్తే రాజు గారు ముందు గదిలోకి వెళ్లారు. మస్తాన్ వలీ పునుగులు తేవడానికి బయల్దేరాడు. సుభాషిణి ఫోను మోగితే వరండాలోకి వెళ్లింది. గదిలో చక్రధర్ ఒక్కడే మిగిలాడు. చెల్లెలి కాగితం తన వైపు తిప్పుకుని చూశాడు. నన్ను అందుకున్నాడు.

చెరపనని చెప్పే నోరు నాకు లేదు. ఆమె వేసిన ఆ కొత్త అంకెని నాచేత తినిపించాడు. గట్టిగా రాసిన అంకె, ఒక పట్టాన పోలేదు. కాగితం పొర లేచేదాకా రుద్దాడు. వాంతి చేసుకోగలిగితే అక్కడే చేసుకునేవాణ్ణి. తర్వాత ఆ పాయింట్లన్నీ వైద్యం గడిలో వేసి, నా పొట్టు ఊది, కాగితం యథాస్థానంలో పెట్టి, ఏమీ ఎరగనట్టు పాచిక దొర్లిస్తూ కూర్చున్నాడు.

అందరూ వచ్చాక ఆట మొదలైంది. కథలో వాళ్ల పడవ ఒక కాలువ లాకు దగ్గర ఆగింది. లాకుకి కాపలా ఒక రాక్షసి. దారిన పోయేవాళ్లు ఎన్నో అబద్ధాలు చెప్పి దాటిపోవడంతో ఇక ఎవరి మాటా నమ్మనని తలుపులు మూసుకుని కూర్చుంది. ఎవరు మాట్లాడతారని రాజు గారు అడిగారు. సుభాషిణి కాగితం వంక చూసింది. చాలాసేపు చూసింది. పొర లేచిన చోట వేలితో తడిమింది.

“ఇది ఎ... ఎవరు చెరిపారు?”

ఇందాక గదిలో మిగిలినవాడు ఒక్కడే కనక అందరూ ఆయన వైపే చూశారు. చక్రధర్ తడబడలేదు. అదే నాకు మరీ రోత పుట్టించింది.

“నీ కోసమే కదే. మాటల్లో పోస్తే ఏం లాభం? రేపు యుద్ధంలో నేను పడిపోతే లేపేదెవరు?” అన్నాడు. ఆపైన గొంతు తగ్గించి, “అయినా కాగితం మీద ఎంత రాసుకున్నా, నోరు తెరవాల్సింది నువ్వే కదా,” అన్నాడు.

మస్తాన్ వలీ తల దించుకున్నాడు. రాజు గారు ఏదో అనబోయారు. సుభాషిణి చెయ్యి చూపించి ఆపి, ఆయన జేబులోని పెన్ను అడిగింది.

“పెన్నుతో రాస్తే మళ్లీ మార్చలేరమ్మా,” అన్నారు రాజు గారు.

“పె... పెరిగితే పక్కన రాసుకుంటానండి.”

వైద్యం గడిలోని అంకెని కొట్టేసింది. చిరిగీ చిరగని ఆ చోటే తన అంకె మళ్లీ వేసింది. సిరా కాగితంలోకి ఇంకింది. ఇక దాని జోలికి నేను వెళ్లినా చేయగలిగింది లేదు. నా బతుకులో మొదటిసారి చేతకానితనం నాకు సుఖంగా అనిపించింది.

తర్వాత రాజు గారి వైపు, అంటే ఆ రాక్షసి వైపు, తిరిగింది.

“నేను తొ... తొందరగా మాట్లాడలేను,” అంది గంగు. “నువ్వు ఎ... ఎక్కడికీ పోవాల్సిన పని లేదుగా. విను.”

చక్రధర్ నోరు తెరిచాడు. మస్తాన్ వలీ పునుగుల పొట్లం ఆయన ముందుకి జరిపాడు. రాజు గారు రెప్ప వేయకుండా విన్నారు. ఆమె తాము ఎక్కడి నుంచి వస్తున్నారో, ఎందుకు దాటాలో, అంతకుముందు ఆ దారిన పోయిన తమ పడవవాళ్లు చెప్పిన అబద్ధమేమిటో కూడా చెప్పింది. ప్రతి మాటా దాని సమయం అది తీసుకుంది. చివర పాచిక వేస్తే చిన్న అంకె పడింది. పెన్నుతో రాసినది దానికి కలిపితే సరిగ్గా సరిపోయింది. లాకు తెరుచుకుంది.

చక్రధర్ క్షమాపణ చెప్పాడని మీరు ఆశిస్తే మనుషుల సంగతి మీకు తెలియదన్నమాట. పై వారం కూడా వచ్చాడు, వచ్చిన పాయింట్లు మళ్లీ కత్తిలోనే పోశాడు. సుభాషిణిని చూసి మస్తాన్ వలీ కూడా పెన్ను పట్టాడు. ఇక నేను కావలసింది చక్రధర్ ఒక్కడికే. అదే నూనె, అదే చెమట. అరిగి అరిగి శనగ గింజంత అయ్యాను.

అయితే ఒకటి. ఇప్పుడు సుభాషిణి మాట అక్షరం దగ్గర ఆగినప్పుడు ఆయన నన్ను గుప్పిట్లో బిగిస్తాడు. ఆమె వాక్యం ముగిసేదాకా గోరు నా ఒంట్లోకి దిగుతూనే ఉంటుంది. నోరు మాత్రం తెరవడు. ఆయన చేతిలో నేను పడిన పాట్లన్నింటిలో అసహ్యం పుట్టించనిది ఆ నొప్పి ఒక్కటే.