ఆరని దుప్పట్లు

గుడ్లు పగలగొట్టిన చేతులు ఎవరివో మేం చూడలేదు. పగిలిన గుడ్లను మాత్రం రేవంతా చూసింది.

ఊళ్ళో బట్టలు ఇచ్చేసి తిరిగి వచ్చేసరికి ఏటి మధ్యనున్న ఇసుక మేట మీద కాకులు గుంపుగా వాలి ఉన్నాయి. ఇస్త్రీ బావ ఖాళీ మూటగుడ్డ భుజాన ఉండగానే నీళ్ళలోకి దిగి పరిగెత్తాడు. మోకాలి లోతు నీళ్ళు దాటుకుంటూ మేమూ వెళ్ళాం. తాబేళ్ళు గుడ్లు పెట్టిన ఇసుక పారతో తిరగేసి ఉంది. తోలులాంటి పెంకులు, పచ్చసొన, కొన్నింటిలో అప్పుడే కాళ్ళు ఏర్పడుతున్న పిల్లలు. గంజి వదిన ఇసుకలో కూలబడింది.

"ఇవాళ కాపలా ఎవరిది?" అన్నాడు బావ.

ఎవరిదో అందరికీ తెలుసు. నా కూతురిది.

అది మేట చివర నిలబడి ఉంది. చేతిలో ఖాళీ అన్నం గిన్నె.

"ఆయనకి అన్నం ఇచ్చొచ్చాను. గట్టెక్కి దిగానంతే. ఇంతలోనే..."

ఆయనంటే నా అల్లుడు. కాంట్రాక్టరు దగ్గర ఇసుక తోడే యంత్రం నడుపుతాడు.

ఎవరూ దాన్ని తిట్టలేదు. రేవులో తిట్లు వినపడకపోతే ఏదో మూడిందని నాకు తెలుసు.

మాది బట్టలుతికే రేవు. ఆ మేట అడ్డం ఉండబట్టే దాని వెనక మడుగులో ఎండలు ముదిరినా నీళ్ళు నిలుస్తాయి. చచ్చిన చేపల్నీ కుళ్ళిన నాచునీ మడుగులోని తాబేళ్ళు తినేస్తాయి. అందుకే ఆ నీళ్ళలో జాడించిన బట్టకి నీచు వాసన రాదు. ఏటిని కాపాడటమంటే మేం చేసింది గొప్ప పనులేం కావు. బట్టలు ఉడకబెట్టే బానలో మిగిలిన సోడా నీళ్ళు ఏట్లో పారబోయడం మానేసి గట్టు మీద గుంత తవ్వుకున్నాం. కొట్టుకొచ్చిన తెగిన వలల్నీ ప్లాస్టిక్ సంచుల్నీ ఉతుకు మొదలుపెట్టే ముందే ఏరేస్తున్నాం. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో ఇంటికో గూడు చొప్పున పంచుకుని, వంతులవారీగా కాస్తున్నాం.

ఎవరి గూడు ఏదో తెలియాలి కదా. అందుకని బట్టలకి గుర్తు వేసినట్టే వాటికీ వేశాం. రేవులో ఒక్కో ఇంటికి ఒక్కో రంగు దారం. మాది పసుపు, బావది నీలం, గంజి వదినది ఎరుపు. బట్ట అంచున ఆ దారంతో కుట్టు వేస్తే ఎన్ని మూటల్లో కలిసినా అది ఎవరు ఉతికిందో తెలిసిపోతుంది. అలాగే గుడ్డపేలికకి దారం కుట్టి, పుల్లకి కట్టి, గూటి పక్కన గుచ్చాం. గుర్తు లేని బట్టని నీళ్ళలో ముంచకూడదన్నది మాకు పుట్టుకతో వచ్చిన పాఠం. పేలికలు గాలికి రెపరెపలాడుతుంటే చూసుకుని మురిసిపోయాం.

ఆ మేట మీద కాంట్రాక్టరు కన్ను పడింది. ఆఫీసరు వచ్చి చూసి, ఇక్కడ జీవాలేమీ లేవని రాస్తే యంత్రం ఎక్కించేస్తారు. మేట పోతే మడుగు పోతుంది. మడుగు పోతే రేవు పోతుంది.

ఆ సాయంత్రం కాంట్రాక్టరు మేస్త్రీ గట్టు మీదుగా పోతూ పోతూ ఆగాడు. అందరూ వింటుండగా నా కూతుర్ని పలకరించాడు.

"ఏమ్మా, కులాసానా? మీ ఆయన బంగారం. మన మనిషి!"

ఆ 'మన' అన్న మాటని పుల్లలా గుచ్చి వెళ్ళిపోయాడు. బాన కింద మంట పెడుతున్న వాళ్ళు కూడా తలెత్తి నా కూతుర్ని చూశారు. నేనూ చూశాను.

బానల పాకలో పంచాయితీ పెట్టాం.

"కాపురం ఇక్కడ, కూడు అక్కడ. ఇంకేం కావాలి సాక్ష్యం?" అన్నాడు బావ.

"మామయ్యా, నా మొగుడు తోలేది యంత్రం. అక్కడ తవ్వింది పార. గుంత చూస్తే తెలీదా నీకు?"

"పార పట్టినోడికి దారి చూపించిందెవరని అడుగుతున్నా!"

"నాన్నా, సాక్ష్యం లేకుండా మనిషిని వెలేస్తే వాళ్ళకీ మనకీ తేడా ఏముంది?" అంది బావ కూతురు. కాలేజీలో చదువుతోంది, కరపత్రాలు పంచుతుంది.

"నువ్వూరుకో. కాలేజీలో చెప్పేది వేరు, కడుపు కాలేది వేరు."

చివరికి తేల్చారు. నా కూతురు రేవు దిగకూడదు. అది నా వైపు చూసింది. నేను ఒక్క మాటైనా అంటానేమోనని చూసింది. నేను బాన కింద పుల్లలు ఎగదోస్తూ కూర్చున్నాను.

ఇస్త్రీ బట్టలు చుట్టే పాత పేపర్లు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. ఆ ముక్కల్లో ఎన్నో సమ్మెల గురించి చదివాను. ఓడిపోయిన ప్రతిచోటా లోపలి మనిషి ఒకడు ఉండేవాడు. అందుకే నేనూ లోపలి మనిషి కోసమే వెతికాను. సోడా మూటలు తెచ్చేవాణ్ణి అనుమానించాను. అటువైపు మేక కోసం తిరిగే గంజి వదినని అనుమానించాను. అందరూ అందరినీ అనుమానించారు. ఇద్దరు గుసగుసలాడితే పక్క బండ మీద ఉతుకు ఆగిపోయేది. పాట లేదు, పరాచికం లేదు. కాంట్రాక్టరు యంత్రం దింపకముందే రేవుని ముక్కలు చేసేశాడు.

కూతురు, అల్లుడు వేరే ఊరు పోవడానికి సామాను సర్దుకుంటున్నారని తెలిసింది. నా మొగుడు ఆనకట్ట పనికి 'వెళ్ళొస్తా' అని వెళ్ళాడు. కొడుకు ఫ్యాక్టరీకి 'వెళ్ళొస్తానమ్మా' అని వెళ్ళాడు. ఇద్దరూ రాలేదు. అప్పటినుంచి ఆ మాట వింటే నాకు కాళ్ళలో వణుకు పుడుతుంది.

ఆఫీసరు మేట చూడటానికి వచ్చే ముందురోజు ఉతుకుల్లో మేస్త్రీ ప్యాంటు వచ్చింది. జేబులు తిరగేయకుండా మేం ఏ బట్టనీ బానలో వేయం. వెనక జేబులో చెయ్యి పెడితే గుడ్డపేలికల ఉండ చేతికి తగిలింది. విప్పి చూశాను. పసుపు దారం. నీలం దారం. మిగతా ఇళ్ళ దారాలు. పుల్లలు పీకేసి ఆనవాలు లేకుండా చేద్దామని జేబులో కుక్కుకుని మరిచిపోయినట్టున్నాడు. మురికి బట్టలు మాకే వస్తాయన్న సంగతి దొరలకి గుర్తుండదు.

తడి చేతులతోనే పాకలోకి పరిగెత్తి పేలికలన్నీ బండ మీద పరిచాను.

"ఇందులో ఎరుపేది? ఏం వదినా, నీ గుర్తేది?"

గంజి వదిన ముఖం పాలిపోయింది.

"నా మీద అనుమానమా? మా మేక తినేసింది."

"ఏంటీ?"

"ఆ పేలికని మా మేక తినేసింది! మేటెక్కించొద్దన్నారని చెప్పలేదు. ఇప్పుడు తిట్టండి!"

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

"మరి నీ గూడు?"

"దానికేం, బాగానే ఉంది. పొద్దున కూడా చూశా. ఎండిన మోడు పక్కన."

మోడు పక్కన వదిన గూడుందని రేవులో ఎవరిని లేపి అడిగినా చెబుతారు. కాపలాకి వెళ్ళినప్పుడు నా కూతురు కూర్చునేది ఆ మోడు మీదే.

"నా కూతురు చెప్పేదే అయితే ఆ గూడూ చెప్పేది బావా," అన్నాను.

"ఎవరూ చెప్పలేదు నాన్నా," అంది బావ కూతురు. "మనమే చెప్పాం. జెండాలు పాతి మరీ."

బావ ఆ నీలం పేలికని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని పొయ్యిలో పడేశాడు.

అందరం కలిసి నా కూతురి గదికి వెళ్ళాం. గుమ్మం ముందు చక్రాల బండి. అల్లుడు వంటసామాను ఎక్కిస్తున్నాడు. కూతురు పరుపు చుట్ట మీద మోకాలు వేసి తాడు బిగిస్తోంది. మమ్మల్ని చూసి తలెత్తలేదు.

పేలికల సంగతీ, మిగిలిన వదిన గూడు సంగతీ చెప్పి, "అమ్మాయ్, తప్పయిపోయింది," అన్నాడు బావ.

"ఆ మాటతో మరక పోతుందా మామయ్యా?"

"పోదు. ఉతకాల్సిందే. నీ పక్కన బండ మీద నిలబడి ఉతుకుతా."

అది నా వైపు చూడలేదు. బిగించిన తాడు విప్పింది. చుట్టలోంచి దుప్పటి లాగి వదిన చేతుల్లోకి విసిరింది.

"ఆ మేస్త్రీకి ఎక్కడ తవ్వాలో తెలియకూడదంటే ఒక్క చోట కాదు, మేటంతా కప్పాలి. ఊరంతటి బట్టలూ మన దగ్గరేగా ఉన్నాయి?"

"పోలీసు స్టేషన్ బట్టలున్నాయే! నలిగితే?" అన్నాను. నాకు ఎప్పుడూ భయమే.

"అవి ముందు వరసలో పరుద్దాం అమ్మా," అంది. ఆ మాట నాతో అంది. అది చాలు.

తెల్లారేసరికి మేట మీద ఒక్క పేలిక లేదు, ఒక్క పుల్ల లేదు. ఆసుపత్రి దుప్పట్లు, హోటల్ బల్లగుడ్డలు, ఆఫీసరు బంగళా కర్టెన్లు, స్టేషన్ యూనిఫాంలు, వాటి నడుమ మేస్త్రీ ప్యాంటు. నీళ్ళ అంచు నుంచి నీళ్ళ అంచు దాకా బట్టలే. మధ్య మధ్యన మేం.

ఆఫీసరు ప్యాంటు మడుచుకుని వచ్చాడు. వెనక మేస్త్రీ. ఆ వెనక యంత్రం, దాని మీద ఇంకా పని మానని నా అల్లుడు.

"ఏంటిదంతా?"

"బట్టలండి. ఆరేశాం," అంది వదిన.

"తీసేయండి!"

"ఆరాక తీస్తాం సార్," అని చెంబెడు నీళ్ళు దుప్పటి మీద గుమ్మరించింది.

మేస్త్రీ వెనక్కి తిరిగి అరిచాడు. "ఎక్కించరా! చూస్తావేం?"

అల్లుడు కిందికి వంగి చూశాడు. "ముందున్నది ఇన్‌స్పెక్టర్ గారి చొక్కా సార్. దాని మీద ఎక్కించమని రాసిస్తారా?"

అల్లుడు యంత్రం ఆపి దిగాడు. తాళంచెవి మేస్త్రీ చేతిలో పెట్టాడు.

"జేబులో పెట్టుకోండి. అన్నీ అందులోనే దాస్తారుగా."

మేటంతా నవ్వింది. ఎన్నాళ్ళకో రేవు నవ్వింది.

ఆఫీసరు గొంతు మార్చాడు. నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "చూడు పెద్దమ్మా, ఒక్క గూడు చూపించు. ఉందని రాసేస్తా. అందరికీ మంచిది."

ఆ గొంతు ఎంత మెత్తగా ఉందంటే నా చెయ్యి లేవబోయింది. అప్పుడు ఆయన భుజం మీదుగా మేస్త్రీ కళ్ళు కనిపించాయి. నా చెయ్యి ఎటు తిరుగుతుందా అని కాచుకున్న కళ్ళు. చేతిని ఒళ్ళో పెట్టేసుకున్నాను. అనుమానం చెడ్డదని ఎవరన్నారు? ఇన్నాళ్ళూ దాన్ని పక్కవాళ్ళ మీద పారబోశాం, అంతే.

"చూపించం సార్. గుడ్లు పగిలి పిల్లలు నీళ్ళలోకి దిగేదాకా మీరూ మాతో కూర్చోండి. కళ్ళారా చూసి రాద్దురు."

"ఏమీ లేవని రాస్తే?"

"రాసుకోండి," అంది నా కూతురు. "రాతకి మేట కదలదు. మేమూ కదలం."

పోలీసులు లారీలో వచ్చారు. కొందరు మేట అంచున ఆగి తమ చొక్కాలు ఎక్కడున్నాయో వెతుక్కున్నారు. తర్వాత లాఠీలు లేచాయి. బావ నుదురు పగిలింది, ఆసుపత్రి దుప్పటి మీద రక్తం పడింది. బావని, బావ కూతుర్ని, నా అల్లుణ్ణి, నా కూతుర్ని ఈడ్చుకెళ్ళి లారీ ఎక్కించారు.

లారీ కదులుతుంటే అది చువ్వల్లోంచి చెయ్యి బయటికి పెట్టింది.

"వెళ్ళొస్తానమ్మా!"

నా కాళ్ళు వణికాయి. ఎప్పటిలాగే వణికాయి. ఆ కాళ్ళతోనే నడిచి దాని దుప్పటి దగ్గరికి వెళ్ళాను. ఎండకి ఒక అంచు అప్పుడే ఆరుతోంది. అది వదిలేసిన చెంబు తీసుకుని మడుగులో ముంచి, ఆ అంచు మీద పోశాను. మళ్ళీ ముంచాను.

గట్టు మీద జనం పోగవుతున్నారు. హోటల్లో పనిచేసే వాళ్ళు, ఆసుపత్రి ఆయాలు, బడి పిల్లల తల్లులు. "మా బట్టలేవి?" అని అరుస్తున్నారు. ఏమో, వీళ్ళెవరి వైపో అనుకున్నాను.

"ఇంకా ఆరలేదమ్మా!" అని అరిచాను.

ఆయాల్లో ఒకామె రక్తం పడిన తమ దుప్పటిని చూసింది. దాని చుట్టూ నిలబడ్డ పోలీసుల్ని చూసింది. చెప్పులు గట్టు మీద విడిచి, నీళ్ళలోకి దిగి, నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"ఆ చెంబు ఇలా ఇవ్వు పెద్దమ్మా," అంది.