ముందు నడిచే మనిషి

మూడో మలుపు దగ్గర అతను వీపున బరువును పట్టి ఉంచే నుదుటి పట్టీ సర్దుకుని, ఊపిరి బిగబట్టి కేక వేశాడు. కేక రాలేదు. పంక్చరైన ట్యూబులోంచి వచ్చినట్టు గాలి వచ్చింది.

మనిషి కనపడితే ఎలుగుబంటికి కోపం రాదు. చప్పుడు లేకుండా కనపడితే వస్తుంది. అందుకే ఆ కొండదారిలో యాత్రికుల్ని తీసుకెళ్ళే ప్రతి జట్టుకీ ముందొక కేకలవాడు ఉంటాడు. వీపున బరువు, మలుపు మలుపుకీ ఒక కేక. ఇరవై ఆరేళ్ళుగా అదే అతని పని. అందరూ 'మైకు' అనేవాళ్ళు. ఇంట్లో ఉప్పు అడిగితే పక్కవీధివాళ్ళు తెచ్చిస్తారని పెళ్ళాం వేళాకోళం చేసేది. వానాకాలం నుంచి ఆ గొంతు అరిగిపోతోంది. అరవడం మానమన్నాడు డాక్టరు. మానేస్తే కేకలవాడు ఇంకేమవుతాడు? ఎవరికీ చెప్పకుండా దగ్గుతో, కర్ర చప్పుడుతో నెట్టుకొస్తున్నాడు.

మలుపు తిరిగాడు. పదిహేను అడుగుల్లో ఎలుగుబంటి. కుళ్ళిన దుంగ చీల్చి పురుగులు ఏరుకుంటోంది. వెనకాల రెండు పిల్లలు. తలెత్తి, రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది. దాని ఛాతీ మీద ఎండిన మట్టి కూడా కనపడింది అతనికి. పరిగెత్తలేదు. చేతులు కిందికి జార్చి, ఉన్న గొంతుతోనే మాట్లాడాడు.

"తప్పు నాదేనమ్మా. చెప్పకుండా వచ్చాను. పిల్లల్ని తీసుకుని పో తల్లీ, పో."

అది ముక్కు ఎగబీల్చి, కిందికి వాలి, పిల్లల్ని తోసుకుంటూ పొదల్లోకి పోయింది.

యాత్రికులకు బోలెడు ఫొటోలు దొరికాయి. ఒకాయన భుజం తట్టాడు. "మాకు చూపించాలనే అరవలేదు కదూ? భలేవాడివయ్యా!"

ఇన్నేళ్ళలో అతనికి దక్కిన మెప్పు అదొక్కటే.

జట్టు నాయకుడు మాత్రం నవ్వలేదు. అతనికి స్వయానా బావమరిది.

"ఎన్నాళ్ళ నుంచి బావా?"

"వానల నుంచి."

"అక్కకి తెలుసా?"

"తెలిస్తే గడప దాటనిస్తుందా?"

"అందర్నీ చంపేసేవాడివి కదయ్యా!" బావమరిది వంటవాణ్ణి ముందుకు రమ్మని సైగ చేశాడు. "వెనక నడువు. రేపట్నుంచి రావద్దు."

వంటవాడు ముందుకెళ్ళాడు. మలుపున్న చోటా అరిచాడు, లేని చోటా అరిచాడు. "మైకు మారిందిరోయ్!" అని ఎవరో అంటే అందరూ పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వడానికి గొంతుతో పనిలేదు. బతుకులో మొదటిసారి పరాయి వీపులు చూస్తూ నడిచాడు. కేక పడాల్సిన ప్రతిచోటా అతని పెదాలు వాటంతటవే కదిలాయి. ఎడమ చెయ్యి లాగుతుంటే బరువు వల్లేమో అనుకున్నాడు.

మధ్యాహ్నం విడిది చేరి సామాన్లు దించుకున్నాక గానీ అతను రాలేదని ఎవరికీ తట్టలేదు. "బావా! బావా!" అని అరుస్తూ బావమరిది వెనక్కి పరిగెత్తాడు. పిలిచినా పలకలేని మనిషని సగం దారిలో గుర్తొచ్చి, నోరు మూసుకుని చెవులు రిక్కించాడు. అడవి తప్ప ఏమీ వినపడలేదు.

చివరి మలుపులో బండకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని ఉన్నాడు. బరువు వీపునే ఉంది. పట్టీ నుదుటనే ఉంది. ఒళ్ళు చల్లబడింది.

నలుగురూ కలిసి కిందికి మోసుకుపోయారు. కూర్చున్న మనిషికి చెయ్యి అందేంత ఎత్తులో, ఆ బండ మీద రాయితో కొట్టిన తెల్లటి దెబ్బలు బోలెడున్నాయి. దాని కింద పిడికిట్లో పట్టేంత రాయి, ఒక అంచు పిండిపిండిగా రాలిపోయి.